ముక్కులో కండ: కోయించుకున్నా మళ్లీ ఎందుకు వస్తుంది?

"మొత్తం తీసేసినం అన్నరు గద సార్, మల్ల ఎట్ల పెరిగింది?"

ముక్కులో పాలిప్స్‌కు, అంటే జనం 'కండ' అనేవాటికి, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు డాక్టరు ముందు కూర్చుని అడిగే ప్రశ్న ఇది. అడగడంలో న్యాయం ఉంది. ఖర్చు పెట్టుకున్నారు, ఆఫీసుకు సెలవు పెట్టారు, ముక్కులో ప్యాకింగ్‌తో రాత్రంతా నోటితో గాలి పీల్చారు. తర్వాత కొన్నాళ్లు హాయిగా గడిచింది. మంచం మీద వాలితే నిద్ర పట్టింది, సందు చివర హోటల్లో ధమ్ బిర్యానీ మూత తీస్తే వాసన ఇంటిదాకా వచ్చింది. ఒకరోజు పొయ్యి మీద పోపు మాడిపోతున్నా తెలియలేదు. మళ్లీ ఎండోస్కోపీ చేస్తే, మళ్లీ అదే మాట: పాలిప్స్ వచ్చాయి.

అక్కడి నుంచి ఇంట్లో తీర్పులు మొదలవుతాయి. సర్జన్ సరిగ్గా చేయలేదని బావమరిది అంటాడు. వేరుతో సహా తీయలేదు కాబట్టి చిగురేసిందని పక్కింటి పెద్దాయన అంటాడు. ఫ్రిజ్ నీళ్లు మానమంటే వినడు కదా అని వాళ్లమ్మ. ముగ్గురివీ వేర్వేరు వాదనల్లా కనిపిస్తాయి కానీ మొదటి ఇద్దరి వెనక ఉన్న ఊహ ఒక్కటే. ముక్కులో ఒక వస్తువు పెరిగింది, దాన్ని పూర్తిగా తీసేస్తే కథ అయిపోవాలి అని. చిక్కంతా ఈ ఊహ దగ్గరే ఉంది. పాలిప్ అనేది జబ్బు కాదు, జబ్బు పైకి తేలిన చోటు. అసలు జబ్బు చుట్టుపక్కల పొర నిండా ఉంటుంది. ఆ పొరను ఎవరూ కోసి పారేయలేరు, పారేయకూడదు కూడా.

తెర మీద కనిపించేది

ముక్కులో మందు స్ప్రే కొట్టి, పది నిమిషాలు ఆగి, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉండే ఎండోస్కోప్‌ను లోపలికి పంపుతారు. రోగికి కూడా కనిపించేలా తెర పక్కకు తిప్పి ఉంటుంది. ముందుగా పక్క గోడ నుంచి గులాబీ రంగులో ఉబ్బెత్తుగా ఒక భాగం వస్తుంది. అది టర్బినేట్. అందరికీ ఉంటుంది, గాలిని వెచ్చబరచడం దాని పని. సెల్‌ఫోన్ టార్చ్ వేసుకుని అద్దంలో చూసుకున్నవాళ్లు 'కండ పెరిగింది' అని బెదిరిపోయేది చాలావరకు దీన్ని చూసే. తాకితే చురుక్కుమంటుంది. ఇంకాస్త లోపలికి వెళ్తే, మధ్య టర్బినేట్ చాటు నుంచి వేలాడుతూ, బూడిద కలిసిన తెలుపులో, వెలుతురు వేస్తే లోపలిదాకా కనిపించేంత పల్చగా, తొక్క తీసిన ద్రాక్షపండ్ల లాంటివి కనిపిస్తాయి. పరికరంతో కదిపితే ఊగుతాయి. రోగికి నొప్పే తెలియదు. అవే పాలిప్స్.

ఒకదాన్ని తీసి మైక్రోస్కోప్ కింద పెడితే కండరమూ లేదు, క్యాన్సర్ కణాలూ లేవు. నీళ్లు పట్టి వదులైపోయిన కణజాలం, దాని నిండా తెల్ల రక్తకణాల గుంపు. ఇవి ఎక్కువగా పుట్టేది రెండు కళ్ల మధ్య ఉండే ఎత్మాయిడ్ ఎముకలో. ఆ ఎముక గట్టిగా ఒక్క ముక్కలా ఉండదు. పల్చటి గోడలతో చిన్న చిన్న గదులుగా ఉంటుంది. గదిగదికీ లోపల పొర ఉంటుంది. ఒక పక్క గోడకు ఆవల కన్ను, పైకప్పుకు ఆవల మెదడు. ఆ గోడ కొన్నిచోట్ల కాగితం మందమే. ఈ భౌగోళికం గుర్తుంటే, సర్జన్ ఎందుకు ఒక హద్దు దాటి గీకడో అర్థమవుతుంది.

మరో గందరగోళం కూడా ఇక్కడే తేల్చేస్తే మంచిది. ముక్కు దూలం వంకర వేరు, పాలిప్స్ వేరు. దూలం సరిచేయించుకున్న మనిషికి పాలిప్స్ రావచ్చు, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, ఒకే రోజు రెండిటికీ ఆపరేషన్ జరగొచ్చు. కానీ దూలం వంకర ఎముక, మృదులాస్థికి సంబంధించిన విషయం. ఒకసారి సరిచేస్తే చాలావరకు అయిపోతుంది. పాలిప్స్ పొరకు సంబంధించినవి. మొదటిదానికి పనిచేసే తర్కాన్ని రెండోదానికి అతికించడం వల్లే సగం నిరాశ పుడుతుంది.

పొర ఎందుకు ఉబ్బుతుంది

ముక్కు లోపలి పొర మామూలు తొడుగు కాదు. రోజూ మనం పీల్చే వేల లీటర్ల గాలిలోని దుమ్ము, పొగ, పుప్పొడి, బూజు రేణువులు, సూక్ష్మజీవులు ముందు దాని మీదే పడతాయి. మెట్రో పిల్లర్ల కింద సిగ్నల్ దగ్గర నిలబడ్డా, అపార్ట్‌మెంట్ పక్కన కొత్త టవర్ లేస్తున్నా ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న పొరలో కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి. పైన ఉండే సన్నని వెంట్రుకల లాంటి సీలియా చీమిడిని గొంతు వైపు నెట్టుకుంటూ పోతాయి. పాలిప్స్ వచ్చేవాళ్లలో ఈ అతుకులు వదులై ఉంటాయి, సీలియా పని మందగించి ఉంటుంది. బయటివి లోపలికి జొరబడతాయి.

అప్పుడు పొరలోని కణాలే ముందుగా అలారం మోగిస్తాయి. టీఎస్ఎల్‌పీ, ఐఎల్-33, ఐఎల్-25 అనే మూడు రసాయనాలు వదులుతాయి. ఆ పిలుపు అందుకునేవాటిలో ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ముఖ్యమైనవి. వీటి సంగతి శాస్త్రవేత్తలకు స్పష్టంగా తెలిసింది 2010 ప్రాంతంలోనే. వీటికి తోడు టీ-హెల్పర్ కణాల్లో రెండో రకం కూడా వచ్చి చేరుతుంది. ఇవన్నీ కలిసి మరో మూడు సందేశాలు పంపుతాయి: ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13. వైద్యులు 'టైప్ 2 ఇన్‌ఫ్లమేషన్', అంటే రెండో రకం వాపు, అనేది దీన్నే. నిజానికి ఇది పేగుల్లోని పురుగులను తరిమేందుకు శరీరం సిద్ధం చేసుకున్న యుద్ధతంత్రం. పురుగే లేని ముక్కులో అది మొదలైంది, ఆపే ఆజ్ఞ మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు.

మూడు సందేశాలకూ వేర్వేరు పనులు. ఐఎల్-5 ఎముక మూలుగలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలను తయారు చేయించి, పంపించి, అవి త్వరగా చనిపోకుండా కాపాడుతుంది. ఐఎల్-4 వల్ల ఐజీఈ అనే యాంటీబాడీ తయారవుతుంది. ఐఎల్-13 చీమిడి తయారుచేసే కణాలను పెంచుతుంది, పొర అతుకులను ఇంకా వదులు చేస్తుంది. చూడండి, పొర వదులవడం వల్ల మొదలైనది మళ్లీ పొరనే వదులు చేస్తోంది. జబ్బు తనను తాను పోషించుకోవడం అంటే ఇదే. ఒకసారి ఈ చక్రం తిరగడం మొదలయ్యాక, మొదట దాన్ని తిప్పింది దుమ్మా వైరసా అన్నది పెద్ద విషయం కాదు.

ఇసినోఫిల్స్ చేరాక ఊరికే కూర్చోవు. తమలోని విషపు ప్రొటీన్లను చుట్టూ చిమ్ముతాయి, పొరను గాయపరుస్తాయి. చనిపోతూ వలలాంటి దారాలు వదులుతాయి. వాటిలోని ఒక ప్రొటీన్ సూదుల్లాంటి స్ఫటికాలుగా గడ్డకడుతుంది. చార్కో-లేడెన్ స్ఫటికాలని పందొమ్మిదో శతాబ్దం నుంచే వాటికి పేరుంది. చాలాకాలం వాటిని జరిగిన యుద్ధానికి మిగిలిన ఆనవాళ్లే అనుకున్నారు. ఆ స్ఫటికాలు కూడా ఇన్‌ఫ్లమేషన్‌ను రెచ్చగొడతాయని ఇటీవలి పరిశోధనల్లో బయటపడింది. చీమిడి చిక్కగా, జిగురుగా, ఎంత చీదినా రాకుండా ఉండడానికి ఇదంతా కారణం.

మరి నీళ్లెందుకు పడతాయి? ఈ సంగతి నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. వాచిన పొరలోని రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి ఊరుతుంది. ఊరిన ప్లాస్మా గడ్డకట్టి ఫైబ్రిన్ అనే దారాల అల్లిక ఏర్పడుతుంది. గాయమైతే చర్మం మీద పక్కు కట్టేది కూడా ఈ ఫైబ్రిన్ వల్లే. మామూలుగా దాన్ని కరిగించే వ్యవస్థ పక్కనే ఉంటుంది. పాలిప్స్ ఉన్న పొరలో ఆ కరిగించే ఎంజైమును పురిగొల్పే టీపీఏ అనే పదార్థం తగ్గిపోతుందని జపాన్, అమెరికా పరిశోధకులు 2013లో చూపించారు. దాన్ని తగ్గించేదీ టైప్ 2 సందేశాలే. అల్లిక కరగదు, నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది, పొర కిందికి వేలాడుతుంది. పాలిప్ అంత తేలిగ్గా, అంత పారదర్శకంగా ఉండడంలో రహస్యం అదే.

పొరలో కాపురం ఉండే స్టఫైలోకోకస్ ఆరియస్ బ్యాక్టీరియా ఇంకో చెయ్యి వేస్తుంది. అది వదిలే కొన్ని విషాలు రోగనిరోధక కణాలను ఒకటీ రెండూ కాదు, గుంపులు గుంపులుగా లేపుతాయి. అంతమాత్రాన యాంటీబయాటిక్ కోర్సులు వాడితే తగ్గిపోతుందని కాదు. ప్రతి ముక్కు దిబ్బడకూ మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ మూడు మాత్రలు అడిగి తెచ్చుకునే మన అలవాటుకు ఈ జబ్బులో ఏ ఆధారమూ లేదు.

అలర్జీ మాటేమిటి? ఇక్కడ జనం నమ్మేదానికీ, ఆధారాలకూ తేడా ఎక్కువ. సర్కారు తుమ్మ పుప్పొడికో, వయ్యారిభామకో, పరుపులోని డస్ట్ మైట్‌కో అలర్జీ ఉంటే తుమ్ములు, దురద, నీళ్లు కారడం పెరుగుతాయి. పాలిప్స్ ఉన్న మనిషికి అది అదనపు బాధ. కానీ అలర్జీ ఉన్నవాళ్లందరికీ పాలిప్స్ రావు, పాలిప్స్ ఉన్నవాళ్లందరికీ అలర్జీ టెస్టు పాజిటివ్ రాదు. చర్మపరీక్షలో ఇరవై గళ్లు ఎర్రబడితే కారణం దొరికిందని సంబరపడనక్కర్లేదు. ఇక పెరుగు, అరటిపండు, చల్లటి నీళ్ల మీద నేరం మోపడం అమ్మల హక్కు, కాదనను. పాలిప్స్ పెరగడానికి వాటితో సంబంధం ఉందని మాత్రం ఎవరూ చూపలేదు.

పొర మరచిపోదు

ఇప్పుడు తిరిగి రావడం దగ్గరికి వద్దాం. ఆపరేషన్‌లో పాలిప్స్ పోయాయి, గదుల మధ్య గోడలు తెరుచుకున్నాయి, చిక్కటి చీమిడి బయటికి వచ్చింది. గాయాలు మానాయి. కొత్త పొర వచ్చింది. ఆ కొత్త పొర ఎక్కడి నుంచి వచ్చింది? పాత పొర అడుగున ఉండే మూలకణాల నుంచే.

ఆ మూలకణాల గురించి 2018లో నేచర్ పత్రికలో అమెరికా పరిశోధకుల పని ఒకటి వచ్చింది. పాలిప్స్ నుంచి తీసిన కణాలను ఒక్కొక్కటిగా విడదీసి, ఏ కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూశారు. మామూలు పొరలో అడుగు కణాలు ఎదిగి సీలియా ఉన్న కణాలుగా, చీమిడి కణాలుగా మారాలి. పాలిప్స్‌లో అవి ఎదగకుండా సగంలో ఆగిపోయి పోగుపడ్డాయి. అసలు విశేషం ఆ తర్వాతిది. ఆ కణాలను శరీరం నుంచి తీసి, ఇసినోఫిల్ గానీ ఐఎల్-4 గానీ లేని గాజు పాత్రలో పెంచినా, తాము ఇన్‌ఫ్లమేషన్‌లో బతికిన గుర్తులు వాటిలో మిగిలే ఉన్నాయి. అంటే రోగనిరోధక కణాలకే కాదు, పొరకూ జ్ఞాపకం ఉంటుంది. పాలిప్‌కు వేరు లేదు. పక్కింటి పెద్దాయన మాటలో నిజం ఏమైనా ఉంటే అది ఈ జ్ఞాపకం రూపంలోనే ఉంది. సర్జన్ కత్తికి అందేది మాత్రం కాదు.

ఎంతమందికి తిరిగి వస్తుంది? బెల్జియంలోని ఘెంట్‌లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను 12 ఏళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూశారు. దాదాపు 80 శాతం మందిలో పాలిప్స్ తిరిగి వచ్చాయి. మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. అమెరికాలో 2017లో వెలువడిన మరో అధ్యయనంలో 18 నెలలకే సుమారు 40 శాతం మందిలో ఎండోస్కోపీలో పాలిప్స్ కనిపించాయి.

ఈ అంకెలు చదివి గుండె జారిపోకముందు ఒక సంగతి గమనించాలి. 'తిరిగి రావడం' అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నాం. ఎండోస్కోప్‌కు కనిపించడం ఒకటి. మనిషికి బాధ తెలియడం ఇంకొకటి. మళ్లీ ఆపరేషన్ అవసరం రావడం మూడోది. 80కీ మూడో వంతుకూ మధ్య తేడా అదే. గదులు బాగా తెరిచి ఉన్న ముక్కులో ఒక మూల చిన్న పాలిప్ వచ్చినా గాలి ఆడుతుంది, మందు లోపలికి వెళ్తుంది, మనిషి మామూలుగా తిరుగుతాడు. ఆ అమెరికా అధ్యయనంలోనూ పాలిప్స్ కనిపించిన చాలామంది ఆపరేషన్‌కు ముందున్న దుస్థితికి జారిపోలేదు. కాబట్టి 'మళ్లీ వచ్చిందా?' అని కాకుండా 'ఎంత వచ్చింది, నన్ను ఏం చేస్తోంది?' అని అడిగితే డాక్టర్ కూడా సూటిగా జవాబు చెప్పగలడు.

ముందుగా ఇబ్బంది పడేది తరచుగా వాసన. వాసన గ్రహించే భాగం ముక్కు పైకప్పులో ఇరుకైన సందులో ఉంటుంది. పాలిప్ ఆ సందును మూసేయనక్కర్లేదు, అక్కడి పొర వాస్తే చాలు. గాలి బాగానే ఆడుతున్నా కాఫీ పొడి డబ్బా మూత తీస్తే ఏమీ తెలియకపోతే, అపాయింట్‌మెంట్ ముందుకు జరుపుకోవడం మేలు. వాసన తెలియని ఇంట్లో గ్యాస్ లీకైనా తెలియదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఎక్కువగా వస్తుంది

అందరి పాలిప్స్ ఒకటి కావు. బయటికి ఒకేలా కనిపిస్తాయి, లోపల నడిచే యుద్ధం వేరు. యూరప్, అమెరికాల్లో ఎక్కువమందికి ఇసినోఫిల్స్‌తో నిండినవే ఉంటాయి. చైనాలో ఇరవై ఏళ్ల కింద చూసినవాటిలో న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల కణాలు ఎక్కువగా ఉన్నవి చాలా ఉండేవి, తర్వాత తర్వాత తూర్పు ఆసియాలోనూ ఇసినోఫిల్ రకం పెరుగుతూ వచ్చింది. తిరిగి వచ్చే గుణం ఈ ఇసినోఫిల్ రకానికే ఎక్కువ. జపాన్‌లో 2015లో దీన్ని ముందే అంచనా వేయడానికి ఒక మార్కుల పద్ధతి తయారు చేశారు. రెండు పక్కలా ఉందా, పాలిప్స్ ఉన్నాయా, సీటీలో ఎత్మాయిడ్ గదులు చెంప గదుల కంటే ఎక్కువ మూసుకున్నాయా, రక్తంలో ఇసినోఫిల్స్ ఎంత శాతం. ఈ నాలుగే. అన్నిటికంటే ఎక్కువ మార్కులు చివరిదానికి.

రక్తంలో ఇసినోఫిల్స్ లెక్క హైదరాబాద్‌లో ఏ గల్లీ ల్యాబులోనైనా చేస్తారు, ఖరీదైనదీ కాదు. యూరప్ నిపుణుల 2020 మార్గదర్శకం మైక్రోలీటరుకు 250, అంతకు మించి ఉంటే టైప్ 2 రకానికి ఒక సూచనగా తీసుకుంది. కానీ రెండు మెలికలున్నాయి. ఆ లెక్క కడుపులో నులిపురుగుల వల్ల కూడా పెరుగుతుంది. రెండోది, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే అది పడిపోతుంది. మాత్రలు మొదలుపెట్టి మూడో రోజు చేయించిన పరీక్ష నార్మల్ అని వస్తే దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

ఆస్తమా ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. మృగశిర కార్తె రోజు చేపమందు కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బారులు తీరే జనాన్ని చూస్తే ఆయాసం ఎంతమందిని పీడిస్తోందో తెలుస్తుంది. ఆ మందు సంగతి పక్కన పెడదాం, అది పనిచేస్తుందని శాస్త్రీయ ఆధారం లేదు. ఆ క్యూలో నిలబడ్డవాళ్లలో ఎంతమందిని 'వాసన తెలుస్తోందా?' అని ఎవరైనా అడిగి ఉంటారన్నది నా అనుమానం. ముక్కు, ఊపిరితిత్తులు ఒకే గొట్టానికి రెండు చివరలు, రెండుచోట్లా అదే టైప్ 2 యుద్ధం. ముక్కు సరిగ్గా చూసుకుంటే చాలామందిలో ఆయాసం కూడా అదుపులోకి వస్తుంది. చెస్ట్ డాక్టరు దగ్గర ఒక ఫైలు, ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఇంకో ఫైలు పెట్టుకుని, ఒకరికి ఇంకొకరి సంగతి చెప్పకుండా తిరిగే రోగులే మనలో ఎక్కువ.

పాలిప్స్, ఆస్తమాకు తోడు నొప్పి మాత్రలు పడకపోవడం ఉంటే అది అన్నిటికంటే మొండి రకం. 1922లోనే ఫ్రాన్స్‌లో విడాల్ బృందం దీన్ని గుర్తించింది, 1968లో అమెరికాలో సామ్టర్, బీర్స్ వివరంగా రాశారు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. ఈ మనుషుల్లో అప్పుడు వాపునూ ఆయాసాన్నీ తెచ్చే ల్యూకోట్రయీన్లు అనే రసాయనాలు విజృంభిస్తాయి. మాత్ర వేసుకున్న అరగంట నుంచి మూడు గంటల లోపు ముక్కు బిగుసుకుపోయి, కళ్లు ఎర్రబడి, ఆయాసం వస్తుంది. ఒళ్లు నొప్పులకు కాంబిఫ్లామ్ వేసుకుంటే పిల్లికూతలు వచ్చాయని ఎవరైనా చెబితే తేలిగ్గా తీసుకోవద్దు. అందులో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రొఫెన్ ఉంటుంది. ఉట్టి పారాసిటమాల్ మామూలు మోతాదులో చాలామందికి పడుతుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపేయకుండా కార్డియాలజిస్టుకు చెప్పాలి. అవసరమైతే ఆసుపత్రిలో పర్యవేక్షణ కింద ఆస్పిరిన్‌ను కొద్దికొద్దిగా అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది.

ఇక మన దేశంలో వేడికీ తేమకూ తోడుగా వచ్చేది అలర్జిక్ ఫంగల్ సైనసైటిస్. రిపోర్టులో 'ఫంగల్' అన్న మాట చూడగానే హైదరాబాద్‌లో ఇంటిల్లిపాదీ వణికిపోతారు. 2021 మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని బ్లాక్ ఫంగస్ రోగులకు నోడల్ కేంద్రంగా చేసిన రోజులు ఎవరూ మరచిపోలేదు. ఇది అది కాదు. బ్లాక్ ఫంగస్ కణజాలాన్ని తొలుచుకుంటూ పోతుంది, గంటల మీద ప్రమాదం. ఈ రకంలో ఫంగస్ పొరలోకి దూరదు. గదిలో చీమిడిలో ఉండిపోయి, దానికి శరీరం అతిగా స్పందిస్తుంది. మన దగ్గర ఎక్కువగా దొరికేది ఆస్పర్జిలస్ ఫ్లేవస్. సీటీలో తెలుపులోనే ఇంకా తెల్లటి చారలు కనిపిస్తాయి. లోపల ముదురు గోధుమ రంగులో జిగురు ముద్ద పేరుకుని ఉంటుంది. దీన్ని మందులతో కరిగించలేరు, ఆపరేషన్‌తో తోడేయాల్సిందే. తర్వాత ఫాలోఅప్ మానేస్తే మళ్లీ పేరుకోవడంలో దీన్ని మించినది లేదు.

ఆపరేషన్ చేసే పని, చేయని పని

ఒకప్పుడు పాలిప్‌కు సన్నని తీగ ఉచ్చు బిగించి లాగేసేవారు. 'వేరు' అన్న మాట ఆ కాలపు జ్ఞాపకం కావచ్చు. ఆస్ట్రియాలో మెసర్‌క్లింగర్ ఎండోస్కోప్‌తో సైనస్‌ల, అంటే ముఖం ఎముకల్లోని గాలి గదుల, దారులను పరిశీలించాక, 1980ల్లో స్టామ్‌బర్గర్, కెనెడీ లాంటివాళ్ల చేతుల్లో ఫెస్ అనే ఇప్పటి పద్ధతి ప్రపంచమంతా పాకింది. దీని లక్ష్యం పాలిప్స్ ఏరేయడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. మూసుకున్న గదుల తలుపులు తెరవడం అసలు పని. ఎందుకంటే ఆపరేషన్‌కు ముందు ముక్కులో ఎంత స్ప్రే కొట్టినా, ఎన్ని నీళ్లు పోసినా సైనస్ లోపలికి దాదాపు ఏమీ వెళ్లదు. తలుపు తెరిచాక వెళ్తుంది. అంటే ఆపరేషన్ చికిత్సకు ముగింపు కాదు, మందు చేరాల్సిన చోటికి చేరడానికి వేసిన దారి.

సర్జన్ పనితనానికి విలువ లేదని నేననడం లేదు. ఎత్మాయిడ్ గదుల్ని సగం తెరిచి వదిలేస్తే, నుదుటి సైనస్ దారి మూసుకునే ఉంటే, జబ్బు అక్కడి నుంచే ముందుగా తలెత్తుతుంది. రెండోసారి ఆపరేషన్ చేసే డాక్టర్ కొత్త సీటీలో వెతికేది ఆ మిగిలిన గోడల్నే. కానీ గదులన్నీ చక్కగా తెరిచినా పొర అదే పొర. తిరిగి వచ్చిన ప్రతి పాలిప్‌కూ సర్జన్‌ను దోషిగా నిలబెట్టడం ఎంత తప్పో, 'ఒక్కసారి చేయించుకుంటే ఇక జీవితంలో రాదు' అని హోర్డింగు మీద రాయించడం అంతకంటే పెద్ద తప్పు. ఆపరేషన్ లేకుండానే శాశ్వతంగా మాయం చేస్తామనే ప్రకటనల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా లెక్కలో ఈ ఊళ్లో పాలిప్స్ తిరగబెట్టడానికి మనం సరిదిద్దుకోగల పెద్ద కారణం ఒకటుంది: బాగున్నప్పుడు స్ప్రే మానేయడం. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ లాంటి స్ప్రేలు ముక్కు తెరుచుకున్నాక కూడా వాడాల్సినవే. 'స్టెరాయిడ్ అట, అలవాటైపోతుందట' అన్న భయంతో చాలామంది సీసా పక్కన పెట్టేస్తారు. వీటిలో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. అలవాటు పడేది వీటికి కాదు, ఓట్రివిన్ లాంటి ముక్కు దిబ్బడ చుక్కలకు. వాటిని వారం మించి వాడితే చుక్కలు వేయకపోతేనే ముక్కు మూసుకుపోయే స్థితి వస్తుంది. తమాషా ఏమిటంటే మనం భయపడాల్సినదాన్ని జేబులో పెట్టుకు తిరుగుతాం, వాడాల్సినదానికి భయపడతాం.

స్ప్రే కొట్టే తీరు కూడా చూడాలి. తల వెనక్కి వంచి, మధ్య దూలానికి గురిపెట్టి, గట్టిగా పీల్చితే మందు గొంతులోకి జారిపోతుంది, దూలం మీద పుండై రక్తం కారుతుంది. తల కొంచెం ముందుకు వంచాలి. కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో కొడితే సీసా మొన దానంతటదే బయటి గోడ వైపు, కంటి దిశగా తిరుగుతుంది. మెల్లగా పీల్చాలి. ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి లాభం లేదనడం దానికి అన్యాయం చేయడమే.

స్ప్రేకు ముందు ఉప్పునీటితో కడుక్కోవడం. పావు లీటరు నీళ్లకు రెండుంపావు గ్రాముల ఉప్పు, అంటే టీస్పూనులో మూడో వంతుకు కాస్త ఎక్కువ. మంటగా ఉంటే చిటికెడు వంటసోడా. వాష్‌బేసిన్ మీదకు వంగి, నోరు తెరిచి, సీసా నొక్కితే ఒక ముక్కులోంచి పోసిన నీళ్లు ఇంకో ముక్కులోంచి వస్తాయి. జలనేతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే వాడాలి. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్లు, బోరు నీళ్లు, ఆఖరికి ఆర్‌ఓ నీళ్లు కూడా నేరుగా వద్దు. తాగడానికి పనికొచ్చేవి ముక్కులోకి పనికొస్తాయని కాదు. నీగ్లేరియా అనే అమీబా ముక్కు గుండా మెదడుకు చేరుతుంది. చాలా అరుదు, వస్తే బతకడం కష్టం. ఆపరేషన్ అయినవాళ్లకు ఈ నీళ్లలోనే బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ మందు కలిపి కడుక్కోమని కొందరు డాక్టర్లు రాస్తారు. తలుపులు తెరిచాక అది గదుల్లోకి వెళ్తుంది కాబట్టి ఆ సలహాకు అర్థముంది.

మాత్రలు, ఇంజెక్షన్లు

ప్రెడ్నిసొలోన్ మాత్రల కోర్సు వాడితే మాయ జరిగినట్టు ఉంటుంది. కొన్ని రోజుల్లో పాలిప్స్ కుంచించుకుపోతాయి, వాసన తిరిగొస్తుంది. వాసన నరం ఇంకా బతికే ఉందని తెలియడం దానివల్ల కలిగే మంచి కబురు. చెడ్డ కబురు, ఆపిన కొద్ది నెలల్లో అంతా మొదటికి వస్తుంది. అప్పుడు పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లి అదే కోర్సు మళ్లీ కొనుక్కోవడం మొదలవుతుంది. ఇంటికొక షుగర్ రోగి ఉన్న ఊళ్లో ఇది నిప్పుతో చెలగాటం. షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి, నిద్ర పట్టదు. ఏడాదిలో ఒకటి, మహా అయితే రెండు కోర్సులకు మించి అవసరం పడుతోందంటే జబ్బు అదుపులో లేదనే లెక్క, దారి మార్చాలి.

ఆ దారిలో కొత్తగా వచ్చినవి బయొలాజిక్ ఇంజెక్షన్లు. ఇవి పైన చెప్పిన సందేశాల్లో ఒక్కోదాన్ని ఎంచుకుని అడ్డుకుంటాయి. డుపిలుమాబ్ ఐఎల్-4, ఐఎల్-13 రెండిటి తలుపునూ మూసేస్తుంది. దీనికి పాలిప్స్ కోసం అమెరికా అనుమతి 2019లో వచ్చింది. ఐజీఈని పట్టుకునే ఒమలిజుమాబ్‌కు 2020లో, ఐఎల్-5ను పట్టుకునే మెపొలిజుమాబ్‌కు 2021లో వచ్చాయి. ఎన్ని ఆపరేషన్లయినా లొంగని కొందరిలో వాసన తిరిగి రావడం, మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గడం ట్రయల్స్‌లో స్పష్టంగా కనిపించాయి. కానీ డుపిలుమాబ్ ట్రయల్ ఒకదానిలో 24 వారాలకు ఇంజెక్షన్ ఆపేసి చూస్తే, తగ్గిన పాలిప్స్ మళ్లీ పెరగడం మొదలుపెట్టాయి. సందేశాన్ని అడ్డుకున్నంతకాలమే పొర ఊరుకుంటుంది. వారాలకొకసారి, ఏళ్ల తరబడి, మధ్యతరగతి జీతం మీద ఆ ఖర్చు భరించగలవాళ్లు కొద్దిమందే. అందుకే ఇక్కడ చాలామందికి ముందు వరసలో ఉండేది మంచి ఆపరేషన్, ఆ తర్వాత మానకుండా కడుక్కోవడం, స్ప్రే. అవి సరిగ్గా చేసినా ఆగనివాళ్లకే ఇంజెక్షన్ మాట.

ఇదంతా రెండు పక్కలా వచ్చే పాలిప్స్ గురించి. ఒక్క పక్కనే పెరిగితే, రక్తం పడుతుంటే, కన్ను ముందుకు పొడుచుకొస్తే, ఎదుటి వస్తువు ఒక్కటే రెండుగా కనిపిస్తే ఈ లెక్కలేవీ వర్తించవు. అది ఇన్వర్టెడ్ పాపిలోమా అనే గడ్డ కావచ్చు, ఇంకా చెడ్డది కావచ్చు. సీటీ, బయాప్సీ అయ్యేదాకా స్ప్రేలతో కాలం గడపకూడదు. చిన్నపిల్లల్లో ఒక పక్కన చెంప సైనస్ నుంచి గొంతు వెనక్కి దిగే ఆంట్రోకోయనల్ పాలిప్ ఉంటుంది. దానికి మాత్రం పుట్టిన చోటు ఒకటే ఉంటుంది, అక్కడిదాకా తీసేస్తే చాలావరకు తిరిగి రాదు. రెండు పక్కలా పాలిప్స్ వచ్చిన పిల్లలకు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉందేమో కూడా పరీక్షిస్తారు.

రెండో అభిప్రాయం కోసం ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు సీటీ ఫిల్ములతో పాటు పాత బయాప్సీ రిపోర్టు కూడా పట్టుకెళ్లాలి. చాలా రిపోర్టుల్లో 'ఇన్‌ఫ్లమేటరీ పాలిప్' అని రెండు ముక్కలే ఉంటాయి. ఇసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయో, ఫంగస్ కోసం ప్రత్యేక స్టెయిన్ వేశారో లేదో రాయరు. ఆ ముక్కను మైనపు బ్లాకులో పోసి ల్యాబులు కొన్నేళ్లు దాచి ఉంచుతాయి. డాక్టరుతో చీటీ రాయించుకుని వెళ్తే, మళ్లీ ముక్కులో ఏమీ కోయకుండానే, అదే బ్లాకు నుంచి కొత్త స్లైడ్ తీసి లెక్క చెప్పగలరు.